ఈ నగరం ఎవరి గొప్ప?

"మీ వ్యాసం చదివానండీ. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది."

ఆమె అతనితో అన్న మొట్టమొదటి మాట అది. పలకరింపు లేదు, పరిచయం లేదు. ఇంకా రంగు వాసన వదలని మ్యూజియం గదిలో, పొడవాటి బల్లకి అటువైపు కూర్చుని, అతను ఏళ్ళ తరబడి చెమటోడ్చి రాసిన కాగితాలని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకని తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి చూపించింది.

అతను కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్. అవమానాలు అతనికి కొత్త కాదు. వెనక బెంచీలవాళ్ళు రోజూ చేస్తూనే ఉంటారు. కానీ ఇంత అందంగా ఎవరూ చెయ్యలేదు.

"మీదీ చదివానండీ," అన్నాడు. "అన్నీ గ్రాఫులే. ఈ నగరంలో మనుషులు కూడా ఉంటారని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు. డేటాలో ఉన్నారు."

"ఓహో. ఎక్కడ, ఎక్స్ వైపా, వై వైపా?"

"మీలాంటి వాళ్ళు ఇంకా సున్నా దగ్గరే ఉన్నారు."

బల్ల చివర కూర్చున్న రిటైర్డ్ జడ్జమ్మ గ్లాసులో చెంచా గట్టిగా తిప్పింది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

ఈమధ్య ప్రతి నగరానికీ ఒక మ్యూజియం కావాలి. ట్రాఫిక్ కదలకపోయినా, చినుకు పడితే రోడ్లు కాలవలైనా, 'మేము ఇలా ఎదిగాం' అని డప్పు కొట్టుకోవడానికి ఒక ఏసీ హాలు మాత్రం ఉండి తీరాలి. ఈ మ్యూజియంలో మొదటి గోడ ఖాళీగా ఉంది. దానిమీద ఒకే ఒక్క పేరా రాయించాలి: ఈ నగరం ఎందుకు పెరిగింది? ఎవరి పేరా గోడెక్కితే వాళ్ళదే క్యూరేటర్ ఉద్యోగం. వడపోతలో మిగిలింది ఈ ఇద్దరే. ఎవరో తేల్చాల్సింది జడ్జమ్మ.

ఒక పెద్ద కంపెనీలో కన్సల్టెంటైన ఆమె వాదన సూటిగా ఉంది. కొత్త రేవు కట్టారు, ప్రపంచం లోపలికి వచ్చింది, విదేశీ కంపెనీలు దిగాయి, నగరం లేచింది. అంతకుముందు ఇక్కడ ఉన్నది నిద్ర మాత్రమే.

అతని వాదన అంతకంటే పొగరైనది. ఈ నగరాన్ని పెంచింది అద్దాల సందు. కళ్ళజోళ్ళకీ, దుర్భిణీలకీ, కెమెరాలకీ అద్దాలు అరగదీసే ఆ సందులో పనితనం ఈ నేలలోనే పుట్టింది. ప్రపంచం దాన్ని వాసన పట్టి వెతుక్కుంటూ వచ్చింది, అంతే.

"తన గొప్ప తను చెప్పుకోలేని వకీలుని నా సర్వీసులో నేను చూడలేదు," అంది జడ్జమ్మ. "కాబట్టి మీ గొప్పలు నాకు అక్కర్లేదు. నెల రోజులు టైమిస్తున్నా. అబ్బాయ్, నువ్వు ఆవిడ వ్యాసాన్ని చీల్చి చెండాడు. అమ్మాయ్, నువ్వు అతనిది. ఎవరిది బతికి బయటపడితే వాళ్ళకి ఉద్యోగం."

"ఇంత తేలికా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ తర్వాత, ఒకేసారి అన్నందుకు ఒకరినొకరు అసహ్యంగా చూసుకున్నారు.

మెట్లు దిగుతుంటే ఆమె అతనికి 'శిలాజం' అని పేరు పెట్టింది. వీధిలోకి వచ్చేసరికి అతను ఆమెకి 'గ్రాఫు' అని పేరు పెట్టాడు.

*

అద్దాల సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. అటూ ఇటూ చిన్న చిన్న గదులు. లోపల చక్రాలు గిరగిరా తిరుగుతుంటాయి. పనివాళ్ళ చేతులు మోచేతిదాకా అద్దాలకి మెరుగుపెట్టే ఎర్రటి తడి పొడితో నిండి ఉంటాయి. అద్దాన్ని అచ్చుకి ఆనించి, బొటనవేలు లోపలికి మడిచి, ఒక్కో రాపుకీ ఒక్కో మాట చొప్పున లెక్కపెడతారు.

"అర్నా, బిర్నా, తోస్కా, పెలీ..."

ఆ మాటలకి అర్థం అక్కడెవరికీ తెలీదు. తాతలు అన్నారు, తండ్రులు అన్నారు, వీళ్ళూ అంటున్నారు. లెక్చరర్ మాత్రం వాటిమీద ఒక అధ్యాయమే రాసి పారేశాడు. 'ఈ మట్టిలో పుట్టి, ఈ మట్టి దాటని పదాలు' అని.

నెలలో సగం గడిచాక ఒకరోజు అతను సందులోకి వెళ్ళేసరికి, గ్రాఫు ఒక వర్క్‌షాపు గడప మీద కూర్చుని ఉంది. ఖరీదైన చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. మోచేతిదాకా ఎర్ర పొడి.

"ఏంటండీ ఇది, హత్య చేశారా?" అన్నాడు.

"ఇంకా లేదు. మీరిప్పుడేగా వచ్చింది."

"రోజూ వస్తోందయ్యా ఈ పిల్ల," అంది లోపలినుంచి షాపు నడిపే పెద్దక్క. "ప్రశ్నలతో బుర్ర తినేస్తోంది. తినే బదులు పని చెయ్యమన్నా. మూడు అద్దాలు పగలగొట్టింది."

"నాలుగు," అంది గ్రాఫు వినయంగా.

అంతలో వాన మొదలైంది. సన్నగా, నవ్వుతున్నట్టు మొదలై, ఒక్కసారిగా తిడుతున్నట్టు కురిసింది. అతని దగ్గర గొడుగు లేదు. ఆమె తన గొడుగు తెరిచింది.

"రండి. చరిత్ర తడిస్తే వాసనొస్తుంది."

"విదేశీ గొడుగా?"

"అవును. మీ మట్టిలో మొలిచిన గొడుగుంటే తెరవండి, దానికిందకి నేనొస్తా."

తప్పక దూరాడు. భుజం భుజానికి తగిలింది. ఇద్దరూ సారీ చెప్పలేదు. ఇద్దరూ పక్కకీ జరగలేదు.

"ఆధారాలు దొరికాయా?" అన్నాడు.

"శత్రువుకి చెప్తానా? మీకు?"

"మీ గ్రాఫులు పడగొట్టడానికి ఆధారాలెందుకు, తుమ్మితే చాలు."

ఆమె నవ్వలేదు. రోడ్డుమీద నీటి బుడగల్ని చూస్తూ అంది. "మీ తుమ్ము ఫలిస్తే నేను బట్టలు సర్దుకోవడమే. కంపెనీవాళ్ళు సముద్రం అవతల ఆఫీసులో నాకు కుర్చీ వేసి ఉంచారు. ఐదేళ్ళ కాంట్రాక్టు. ఈ ఉద్యోగం వస్తే కంపెనీ మానేస్తాను, రాకపోతే ఓడెక్కుతాను. మీకు పీడ విరగడ."

అతను గొడుగు కర్ర వైపు చూస్తూ అన్నాడు. "మంచి జీతమేగా? ప్రపంచమంతా ఒకటే అని రాశారుగా? ఎక్కడైతేనేం మీకు?"

"రాశాను. స్లైడ్లు కూడా వేశాను," అంది. "కానీ ఆ ప్రపంచంలో నేను దారి అడగక్కర్లేకుండా నడిచే ఊరు ఇదొక్కటే. నవ్వుతారేమో, నవ్వండి."

అతను నవ్వలేదు. అదే పెద్ద ప్రమాదం. అప్పటిదాకా ఆమె ఏమన్నా నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాడు, మొదటిసారి అవకాశం వదులుకున్నాడు.

"అక్కడ గ్రాఫులు బాగానే దొరుకుతాయి," అన్నాడు చివరికి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"దొరుకుతాయి. శిలాజాలే దొరకవు." ఆ మాట అనేసి, గొడుగు అతని చేతిలో పెట్టి, తను తడుస్తూ వెళ్ళిపోయింది.

*

మర్నాడు అతను పట్టుదలగా రేవుకి వెళ్ళాడు. ఆమె వ్యాసాన్ని చీల్చాలి. ఎందుకు చీల్చాలో అతనికే సరిగ్గా తెలియడం లేదు.

కొత్త రేవులో అద్దాల గోడల ఆఫీసు. టై కట్టుకున్న ఆఫీసర్ మెరిసే పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, "మేమే ఈ నగరానికి సింహద్వారం," అన్నాడు. అందులో ఆకాశం నీలంగా, క్రేన్లు పసుపుగా, ఆఫీసర్లు తెల్లగా ఉన్నారు. సమాచారం మాత్రం ఎక్కడా లేదు. లెక్చరర్ దాన్ని గేటు దగ్గర వాచ్‌మన్‌కి బహుమతిగా ఇచ్చేసి, పాత రేవు మీదుగా ఇంటికి బయల్దేరాడు.

పాత రేవుని నగరం ఎప్పుడో మర్చిపోయింది. ద్వీపాల నుంచి వచ్చే చెక్క పడవలు మాత్రం ఇంకా అక్కడే ఆగుతాయి. ఒక పడవలోంచి ఎర్ర పొడి బస్తాలు దించుతున్నారు. ఒకడు పైనుంచి అందిస్తుంటే, కింద పడవ నడిపే ముసలి సరంగు లెక్కపెడుతున్నాడు.

"అర్నా, బిర్నా, తోస్కా, పెలీ..."

లెక్చరర్ నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే ఆగిపోయాడు.

రేవు గుమాస్తాని పట్టుకున్నాడు. "ఏ భాష అది?"

"ద్వీపాలవాళ్ళదండీ. వీళ్ళ తాతల కాలం నుంచీ ఇదే వ్యాపారం. పొడి తెస్తారు, రెండు వారాలాగి అద్దాలు పట్టుకెళ్తారు. అరగదీసే పని మన సందువాళ్ళకి నేర్పిందే వీళ్ళట. జబ్బుచేసి ఇక్కడ దిగిపోయిన నావికుడెవడో నేర్పాడంటారు."

గుమాస్తా మాటలమీద లెక్చరర్‌కి నమ్మకం లేదు. సైగలతో సరంగునే అడిగాడు. ముసలాయన నవ్వి, గాల్లో లేని అద్దాన్ని లేని అచ్చుకి ఆనించి చూపించాడు. బొటనవేలు లోపలికి మడిచి ఉంది.

ఈ మట్టిలో పుట్టి, ఈ మట్టి దాటని పదాలు! లెక్చరర్‌కి తన అధ్యాయం తనే నమిలి మింగాలనిపించింది. అతను గుండెలు బాదుకుని ప్రచారం చేసిన స్వచ్ఛమైన స్థానికత పడవ దిగి వచ్చింది. ఊరి గొప్ప చెప్పుకునేవాళ్ళంతా చేసే పనే అతనూ చేశాడు. తనకి తెలిసిన గోడ దగ్గర ఆగి, ప్రపంచం అక్కడితో అయిపోయిందన్నాడు.

ఇంటికి వచ్చి అక్కకి చెప్పాడు. అక్క పళ్ళ డాక్టరు. ఎవరి మాటా పూర్తిగా వినే అలవాటు లేదు. ఆవిడ దగ్గరికొచ్చేవాళ్ళు నోరు తెరుస్తారు గానీ మాట్లాడలేరు.

"అయితే ఆ పిల్ల గెలిచినట్టేగా. ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"ఆమె గెలిస్తే ఇక్కడే ఉంటుందక్కా."

"మరింకేం? నిజం చెప్పు."

"చెప్తే, జాలిపడి కావాలని ఓడిపోయాననుకుంటుంది."

"అయితే చెప్పకు."

"చెప్పకపోతే దొంగనవుతాను. పైగా ఆమె ఓడెక్కుతుంది."

అక్క అతని గడ్డం పట్టుకుని, లోపల ఏం పుచ్చిందో చూస్తున్నట్టు చూసింది. "ఒరేయ్, నా పేషెంట్లు నయం. నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపిస్తారు. నీకు ఆ పాటి తెలివి కూడా లేదు."

*

నెల తిరిగింది. అదే గది, అదే బల్ల. రంగు వాసన పోయింది, పొగరు వాసన మిగిలింది.

"ముందు అమ్మాయి," అంది జడ్జమ్మ.

గ్రాఫు లేచింది. ఈసారి స్లైడ్లు లేవు. ముఖం పాలిపోయి ఉంది.

"అతని వ్యాసాన్ని చీల్చమన్నారు. చీల్చలేను. నాదే తప్పు."

లెక్చరర్ తలెత్తాడు.

"కొత్త రేవు వచ్చాకే కంపెనీలు వచ్చాయని రాశాను. అబద్ధం. మొదటి విదేశీ కెమెరా కంపెనీ రేవు కట్టకముందే వచ్చింది. వచ్చి సముద్రం పక్కన కాదు, అద్దాల సందు వెనక షెడ్డు వేసింది. దాని ప్రహరీకి సందు వైపు ఒక చిన్న తలుపుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పనివాళ్ళు ఆ తలుపులోంచి ఇంటికెళ్ళి తినొస్తారు. ఇంటి భోజనానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఫ్యాక్టరీ పెడితేనే వస్తాం, లేకపోతే రామని సందువాళ్ళు మొండికేశారట. నమ్మకుండా కంపెనీవాళ్ళనే అడిగాను. నిజమే. అంత పెద్ద కంపెనీ ఆ సందుకి తలవంచింది. వాళ్ళ సరుకు పంపడానికే తర్వాత రేవు కట్టారు."

"మరి నీ గ్రాఫు?" అంది జడ్జమ్మ.

"నా గ్రాఫు రేవు కట్టిన ఏడాది నుంచే మొదలవుతుందండీ. నేను ఎక్కడ మొదలుపెట్టానో అక్కడే కారణం కనపడింది. ఎంత తెలివైనదాన్నో చూడండి." కూర్చుంది. "అతనిదే నిజం. ఉద్యోగం అతనికివ్వండి."

లెక్చరర్ చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. ఉద్యోగం ఒళ్ళోకి వచ్చి పడింది. ఆమె ఓడెక్కుతుంది.

లేచాడు. "నాదీ తప్పేనండీ," అన్నాడు.

పాత రేవు, సరంగు, లెక్క మాటలు, మడిచిన బొటనవేలు అన్నీ చెప్పాడు. "మన సందు మనది కాదు. బయటి ప్రపంచం వచ్చి నేర్పిన పని. ఆవిడ చెప్పిందే నిజం. ఏడాది తప్పిందేమో గానీ, అసలు మాట తప్పు కాదు."

అతను కూర్చోకముందే ఆమె లేచింది. "సిగ్గులేదా నీకు?"

'మీరు' ఆ క్షణంలో చచ్చిపోయింది.

"ఏం చేశాను?"

"ఆ రోజు వానలో నా గోడు విన్నావు. పాపం, పిల్ల ఊరు విడిచిపోతుందని కరిగిపోయావు. కట్టుకథ అల్లి తెచ్చావు. నేను నిజం కోసం ఉద్యోగం వదులుకుంటే, నువ్వు అబద్ధంతో నాకు ముష్టి వేస్తావా?"

"కథ అల్లానా? నేనా? నీలా ఏడాదిని ఇష్టమొచ్చిన చోట మొదలుపెట్టే అలవాటు నాకు లేదు!"

"ద్వీపాల సరంగట, జబ్బుచేసిన నావికుడట! చందమామ కథ కూడా ఇంతకంటే నమ్మేలా ఉంటుంది."

"నీ చిన్న తలుపు మాత్రం? మధ్యాహ్నం తిండి కోసం ప్రపంచ చరిత్ర మారిందా? తలుపు ఉంటే చాలా? చేతిలో పని ఎక్కడిదో అడగక్కర్లేదా? నెలంతా ఆ గడపమీదే కూర్చున్నావు. చెవులు ఇంట్లో పెట్టి వెళ్ళావా?"

"ఆర్డర్!" అంది జడ్జమ్మ అలవాటుగా. తర్వాత నిట్టూర్చింది. "నెల కింద ఎవరి గొప్ప వాళ్ళు కొట్టుకున్నారు. ఇప్పుడు ఎదుటివాళ్ళ గొప్ప కోసం కొట్టుకుంటున్నారు. నాకు ఆకలేస్తోంది. నేను తిని వచ్చేలోపు తేల్చుకుని తగలడండి."

"తేలుస్తా," అన్నాడు లెక్చరర్. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "పద. ఇవాళ సముద్రం పోటు తగ్గితే ఆ పడవ వెళ్ళిపోతుంది."

"చెయ్యి వదులు."

వదిలేశాడు. అయినా ఆమె వెనకే వచ్చింది.

టాక్సీ వానలో ఈదింది. ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. రేవు చేరేసరికి పడవ తాళ్ళు విప్పుతున్నారు. చివరి అద్దాల పెట్టెలు ఎక్కుతున్నాయి. తడిసిన తలపాగాతో ముసలి సరంగు పెట్టె పెట్టెకీ చెయ్యి ఊపుతూ లెక్కపెడుతున్నాడు.

ఆమె మెట్లమీద ఆగింది. నెల రోజులుగా ఎర్ర పొడిలో చేతులు ముంచి ఆమె విన్న మాటలవి. వినీ వినీ పెదాలకి అలవాటైపోయాయి. సరంగు "తోస్కా" అన్నాడు. ఆమె పెదాలు వాటంతటవే "పెలీ" అన్నాయి.

సరంగు తిరిగి చూసి, పళ్ళు లేని నోటితో నవ్వాడు. తాడు జారింది. పడవ కదిలింది.

అది చిన్నదయ్యేదాకా ఇద్దరూ తడుస్తూ చూశారు.

"అయితే నాకోసం అబద్ధం చెప్పలేదన్నమాట," అంది.

"లేదు."

"అవసరమైతే చెప్పేవాడివా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. అదే అతని జబ్బు. "లేదు."

"ఎంత పొగరు! ఒక్క చిన్న అబద్ధం! దానికి కూడా నేను తగనా?"

"ఇందాక ముష్టి అన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. అయినా కొంచెం బాధగా ఉంది." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడిచే గుడ్డ కూడా తడిసే ఉంది. "నువ్వు ఇందాక నన్ను తిట్టినవన్నీ మనసులోంచే తిట్టావా?"

"ఒక్కటి కూడా దాచుకోలేదు."

"హమ్మయ్య," అంది.

*

జడ్జమ్మ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఇద్దరూ బల్లకి ఒకేవైపు కూర్చుని, నేలంతా తడి చేస్తున్నారు.

"కంపెనీ సందుకి లొంగింది, సందు పడవ దిగింది," అంది ఆవిడ. "రేపు ఆ ద్వీపానికి ఎవరు నేర్పారంటారు. ఇది చరిత్రా, స్థలం తగాదానా? ముందెవరొచ్చారు, ముందెవరొచ్చారు! గోడమీద రెండూ రాయండి, తలుపూ, పడవా. చదివినవాడు తన్నుకు చస్తాడు." కాగితం మీద సంతకం చేసింది. "ఉద్యోగం అమ్మాయికి."

"నేను ఒప్పుకోను. జాలా?" అంది గ్రాఫు వెంటనే.

"నోర్ముయ్. జాలి నా సర్వీసులో నేను వాడలేదు. అతను కూడా నిజమే చెప్పాడు. కానీ నువ్వు చెప్పాక చెప్పాడు. పక్కవాడు ఏం తెచ్చాడో తెలియకుండా, ఉద్యోగం పోతుందని తెలిసీ, ముందు లేచి తప్పన్నది నువ్వు. క్యూరేటర్‌కి కావలసింది అదే. అబ్బాయ్, అప్పీలుందా?"

"లేదండీ," అన్నాడు. ఓడిపోయినవాడి ముఖంలా లేదు అతని ముఖం. జడ్జమ్మ విసుక్కుంటూ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మొదటి గోడ ఖాళీగా, తెల్లగా వాళ్ళముందు నిలబడి ఉంది. ఆమె ఫోన్ తీసి, అతని ముందే బాసుకి కాల్ చేసింది. "సార్, అవతల ఆఫీసులో కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. లేదు, జీతం గురించి కాదు. లేదు సార్, ఆలోచించుకునే చెప్తున్నాను." ఫోన్ బ్యాగులో పడేసి, అతని వైపు తిరిగింది.

"ఊఁ, ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పాలి?"

"వానలో గొడుగిచ్చిన రోజు నుంచీ గొంతులో అడ్డం పెట్టుకుని తిరుగుతున్నావే, అది. ఉద్యోగం వచ్చేసింది. ఇక లంచం అనుకోను."

అతను గొంతు సవరించుకున్నాడు. కాలేజీలో పాఠం మొదలుపెట్టే ముందు సవరించుకున్నట్టే. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను."

ఆమె ముఖం చిట్లించింది. "అబ్బ! హాజరు పిలిచినట్టుంది. మీ విద్యార్థులు వెనక బెంచీల్లో ఎందుకు పడుకుంటారో ఇప్పుడర్థమైంది. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు సవరించుకోకుండా.

"ఇంకా బాలేదు," అంది, కళ్ళు మాత్రం వేరే ఏదో అంటున్నాయి. "రేపు మళ్ళీ చెప్పు."

"రేపూ బాగుండకపోతే?"

"ఎల్లుండి చెప్పు. ఆవలెల్లుండి చెప్పు," అంది గ్రాఫు, తడిసిన చెయ్యి అతని చేతిలో పెట్టి. "తొందరేముంది? నేనెక్కడికీ పోవడం లేదుగా."